పెద్దవాళ్ళు విప్పకూడని పొట్లం

మా పిన్నికి భయమంటే ఏమిటో తెలియదని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్ళం. ఉద్యోగమంతా పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలోనే చేసిన మనిషి. విరిగిన చేతులు, చితికిన వేళ్ళు, గొంతులో ఇరుక్కున్న నాణేలు ఆవిడకు చుట్టాల ఫొటోల్లాంటివి. భోజనాల దగ్గర కూర్చుని మరీ వాటి సంగతులు చెప్పేది. "పిన్నీ, ముద్ద దిగడం లేదు, కాస్త ఆపవే" అంటే, "నీ ముద్ద ఎలా దిగుతుందో కూడా చూసినదాన్నే నేను" అనేది. అలాంటి మనిషి భయపడగా నేను ఒక్కసారే చూశాను. ఆ రోజు జరిగినదానికంటే, ఆవిడ మొహం చూసి నాకు ఎక్కువ భయమేసింది.

నాకైతే భయం కొత్త కాదు. మా అమ్మాయిని బడి మాన్పించినప్పటి నుంచీ అది నాతోనే కాపురం చేస్తోంది. మా పిల్లను ఇంట్లో పిడుగు అంటాం. కుదురు లేదని బడిలో రోజూ గోడవైపు తిప్పి నిలబెట్టేవారట. ఒక సాయంత్రం ఇంట్లో గ్లాసు పగలగొట్టి, నేను నోరు తెరవకముందే తనంతట తనే వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది. ఆ తరవాత నేను దాన్ని బడికి పంపలేదు. తగుదునమ్మా అని మాన్పించడమైతే మాన్పించాను కానీ, మర్నాడు పొద్దున బల్లకు అటు అది, ఇటు నేను కూర్చున్నాక ఏం చెప్పాలో తోచక నా అరచేతులు తడిసిపోయాయి. దీని బతుకు నా చేతుల్లో పాడైపోతుందేమోనని ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నమే పిన్ని ఒక పాత సంచి నిండా ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకొచ్చింది. ఆసుపత్రిలో పారెయ్యడానికి పక్కన పెట్టినవి అడిగి తెచ్చుకుని, పేర్లున్న అంచులన్నీ కత్తిరించి దాచుకుంది. వాటిని కిటికీ అద్దానికి అంటించి, "ఇది ఒక తాత చెయ్యి. ఎక్కడ విరిగిందో పట్టుకో చూద్దాం" అంది. కుదురు లేని పిల్ల ఆ కిటికీ ముందునుంచి సాయంత్రం వరకూ కదల్లేదు.

మాలాగే పిల్లలను ఇంట్లో చదివించుకునేవాళ్ళు ఊళ్ళో అక్కడక్కడా ఉన్నారని తరవాత తెలిసింది. అందరిదీ ఒకటే గోల. ఏ పుస్తకం వాడుతున్నారు, ఎక్కడ దొరుకుతుంది, పక్కింటివాళ్ళు తెప్పించినది మనం తెప్పించలేదేమో, మన పిల్ల వెనకబడిపోతుందేమో! ఫోన్లలో అవే మాటలు, అర్ధరాత్రి దాకా అవే బెంగలు. పిన్ని నవ్వేది. "దొరక్క కాదమ్మా, మీకు కనబడక" అనేది. ఆవిడకు కనబడేవి. నేలకు పరిచే రాళ్ళమ్మే దుకాణంలో విరిగిన పలకల ముక్కలు తెచ్చి కోణాలు నేర్పేది. మూతపడిన కిరాణా కొట్టు తక్కెడ, బస్సు డిపోలో గోడ మీంచి దించేసిన మార్గాల పటం, రంగుల కంపెనీ నమూనా చీటీలు, అన్నీ ఆవిడ సంచిలోకే. "పారేసేది ఏమైనా ఉందా బాబూ?" అని ఏ గుమ్మమైనా ఎక్కేది. గడియారాల మరమ్మతు చేసే ఆయనైతే ఆవిడ వీధి మలుపు తిరగగానే ఆగిపోయిన గడియారాలు తీసి బల్లమీద పెట్టేసేవాడు, ఆవిడతో వాదించే ఓపిక లేక.

అవన్నీ ఫిల్ములు వచ్చే అట్టపెట్టెల్లో సర్ది, ఇంటింటికీ తిప్పేది. ఒక ఇంట్లో వాడుకున్నాక ఆ పెట్టె పక్క ఇంటికి వెళ్ళాలి. ప్రతి పెట్టెలోనూ ఒక చిన్న కాగితం పొట్లం ఉండేది. పెట్టె పంపే పిల్ల, అందుకోబోయే పిల్ల కోసం తనకు ఇష్టమైన వస్తువు ఒకటి అందులో చుట్టి పెట్టాలి. ఆ పొట్లం పెద్దవాళ్ళు విప్పకూడదు, అందులో ఏముందని అడగకూడదు, పిల్లలు చెప్పకూడదు. ఇది పిన్ని పెట్టిన నియమం.

"ఇదేం నియమం పిన్నీ, దాపరికాలు నేర్పుతున్నావా?" అని నేను దెబ్బలాడాను.

"బడికి పోయే పిల్లలకు వెనక బెంచీ ఉంటుంది, దారి ఉంటుంది, స్నేహితులుంటారు. మీ పిల్లలకు ఏముందే? పొద్దస్తమానం అమ్మ కళ్ళు. అమ్మకు తెలియని సంగతి ఒక్కటన్నా ఉండాలి వాళ్ళకు" అంది. నాకు మండింది కానీ ఆ మాటలో నిజముంది. పిల్లలు ఆ పొట్లం కోసమే పెట్టె ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవాళ్ళు.

ఆ రోజు పొద్దున పిన్ని ఇంట్లో ముగ్గురం కొత్త పెట్టె సర్దుతున్నాం. పిన్ని అట్ట కత్తిరిస్తోంది. మా పిడుగు నోట్లో నువ్వుగింజ నానదు. పెట్టె వెళ్ళిపోయింది కనక ఇక చెప్పెయ్యవచ్చని అనుకుందో ఏమో, "చిన్నమ్మమ్మా, మొన్న పొట్లంలో నేనేం పెట్టానో తెలుసా? నాన్నకు ఆఫీసులో ఇచ్చారు చూడు, వెండి రంగు పూసలు. అయస్కాంతం పూసలు! ఒకదాన్ని కదిపితే ఇంకోటి పరిగెత్తుకొచ్చి అంటుకుంటుంది" అంది.

పిన్ని చేతిలో కత్తెర ఆగింది. "ఎంతెంత ఉంటాయి?"

పిడుగు చిటికెన వేలి గోరు చూపించింది. "ఇంకా చిన్నవి."

"ఆ పెట్టె ఎవరింటికి వెళ్ళింది?" అని పిన్ని నన్ను అడిగింది. కుట్ల వదిన ఇంటికని చెప్పాను. ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ పిల్లను చదివించుకుంటుంది. అందుకే అందరం కుట్ల వదిన అంటాం. పిన్ని కత్తెర కింద పెట్టేసింది. తరవాత చాలా మెల్లగా అడిగింది.

"వాళ్ళ బుడంకాయకు పాకడం వచ్చిందా?"

వచ్చింది. బుడంకాయ కుట్ల వదిన రెండో కూతురు. పాకడమేమిటి, పట్టుకుని నిలబడుతోంది, దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. నేను ఆ మాట అనేసరికి పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఫోన్ చెయ్యి" అంది. చేశాను. కట్టేసి ఉంది. మళ్ళీ చేశాను. పాఠాలయ్యేదాకా కుట్ల వదిన ఫోన్ కట్టేస్తుంది. పాఠం వేళ ఫోన్ మోగితే పిల్ల మనసు నిలవదని ఆవిడకు సలహా ఇచ్చింది పిన్నే.

పిడుగును పక్కింట్లో వదిలి స్కూటర్ తీశాను. వెనక కూర్చున్న పిన్ని నా భుజం పట్టుకున్న చోట వేళ్ళు దిగిపోతున్నాయి. "ఏమవుతుంది పిన్నీ? చిన్న పూసే కదా, దాని దారిన అది పోదా?" అన్నాను, ఔనంటుందేమోనన్న ఆశతో.

"ఒకటి మింగితే పోతుంది. ఒకదాని తరవాత ఒకటి మింగితేనే వస్తుంది తంటా. ఒకటి ఒక పేగు మడతలో, ఇంకోటి పక్క మడతలో. లోపల్నుంచే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు నలిగి చిల్లు పడుతుంది. పైకి ఏమీ తెలియదు, పళ్ళు వస్తున్నాయేమో అనుకుంటారు." మలుపు దాటాక, "ఒక పిల్లకు ఫిల్ము తీశాను. నేనే తీశాను" అంది.

"ఆ పిల్ల ఏమైంది?"

"తొందరగా పోనీ" అంది వెనకనుంచి. కూడలి దగ్గర దీపం ఎర్రగా ఉంటే ఆగాను. ఎన్నడూ ఎవరి తప్పునూ సహించని మా పిన్ని, "ఎవరూ రావడం లేదుగా, పోనీయవే" అంది. పోనిచ్చాను.

కుట్ల వదిన ఇల్లు రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటేనే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఏదైనా అయి ఉంటే మిషను కుట్టదు కదా! తలుపు తీసిన వదిన మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. చంకలో బుడంకాయ తల వాల్చేసి ఉంది.

"రాత్రినుంచి ఒకటే వాంతులు పిన్నిగారూ. పాలు తాగడం లేదు. పళ్ళొస్తున్నట్టున్నాయి" అంది, సూది తీసి మెత్తకు గుచ్చుతూ.

పిన్ని గుమ్మం పట్టుకుంది.

నేనే చెప్పాను, తడబడుతూ, ముక్కలు ముక్కలుగా. కుట్ల వదిన సగం వినకుండానే నవ్వింది. "మా ఇంట్లోనా? నేల మీద ఒక్క గుండుసూది కూడా ఉండనివ్వను కదా!" అని గోడ కొక్కేనికి వేలాడుతున్న అయస్కాంతం చూపించింది. అరచేతి అంత బిళ్ళ, దానికి పొడవాటి తాడు. రోజూ కుట్టు ముగించాక దాన్ని గదంతా ఈడ్చి, పడిన సూదులన్నీ ఏరుతుంది. చూపిస్తూ చూపిస్తూ ఉండగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నిన్న సూదులతోపాటు ఒక వెండి పూస అంటుకొచ్చింది. గౌను పూస జారిందనుకుని పూసల డబ్బాలో వేశాను" అంది. "అది... గౌను పూస అంటుకోదు కదూ?"

ప్లాస్టిక్ పూస అయస్కాంతానికి అంటుకోదని ఆ గదిలో అందరికీ తెలుసు.

కుట్ల వదిన పెద్దకూతురు బల్ల దగ్గర కూర్చుని మావైపే చూస్తోంది. ఆ పిల్లను మూగనోము అంటాం. మాట రాక కాదు. బడిలో చేరిన ఏడాదికి మాట్లాడడం మానేసింది. ఇంట్లో చదువు మొదలయ్యాక వాళ్ళమ్మతో, చెల్లెలితో మళ్ళీ మాట్లాడుతోంది కానీ బయటివాళ్ళ ముందు నోరు విప్పదు. వాళ్ళ నాన్నకు ఈ ఇంటి చదువు ససేమిరా ఇష్టం లేదు. ఏదైనా తేడా వస్తే మర్నాడే బడిలో పడేస్తానని వదినతో ముందే అన్నాడు.

"పొట్లంలో పూసలు ఏవమ్మా?" అని వదిన అడిగింది. పిల్ల తల దించుకుంది. "చెప్పవే! చెల్లి మింగిందా? చూశావా?" వదిన గొంతు పెరిగేకొద్దీ పిల్ల పెదాలు బిగుసుకుపోయాయి. నాకు దాని భుజాలు పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. చెప్పకూడదు నిజమే, కానీ అనిపించింది.

పిన్ని వెళ్ళి ఆ పిల్ల ముందు నేలమీద చతికిలబడింది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవడానికే ఆపసోపాలు పడే మనిషి.

"పొట్లం సంగతి పెద్దవాళ్ళకు చెప్పకూడదన్నది ఎవరు తల్లీ?"

పిల్ల వేలు పిన్నివైపు తిరిగింది.

"నేనే. బుద్ధి తక్కువై పెట్టాను. ఆ నియమం నేనే తీసేస్తున్నాను. నిన్నెవరూ ఏమీ అనరు. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు, అంతా నాదే. చూపించమ్మా."

పిల్ల పిన్ని కళ్ళలోకి చూసింది. లేచి కుట్టుమిషను దగ్గరకు వెళ్ళి, కిందకు వంగి, గోడవైపున్న ఇనప కాలిని చూపించింది. ఆ కాలి వెనక, ఎవరికీ కనబడని చోట, వెండి పూసలు కింద నుంచి పైదాకా చక్కగా వరసగా అంటుకుని ఉన్నాయి. అమ్మ కుడుతూ ఉంటే, అమ్మ కాళ్ళ దగ్గరే, అమ్మకు తెలియని దాని సొంత సంగతి. వరస మధ్యలో ఖాళీ ఉంది. సరిగ్గా పాకే పిల్ల నోరు అందే ఎత్తులో.

కుట్ల వదిన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ ఖాళీలో ఎన్ని ఉండేవో ఎవరికీ తెలియదు. పక్కింటికి ఫోన్ చేసి మా పిడుగును అడిగితే "గుప్పెడు" అంది. బుడంకాయను తువ్వాలులో చుట్టుకుని ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. దారిలో వదిన ఒకే మాట అంటోంది: "దీన్ని దక్కించండి చాలు, పెద్దదాన్ని రేపే బడికి పంపేస్తాను, దీన్ని దక్కించండి చాలు." ఎవరితో అంటోందో తెలియదు. పక్కనే ముడుచుకుని కూర్చున్న మూగనోము ఆ మాట ప్రతిసారీ వింటోంది. చెల్లి చిన్న పాదం మాత్రం వదలలేదు.

పిన్ని పనిచేసిన ఆసుపత్రే. ఎక్స్‌రే గదిలో కుర్రాళ్ళు ఆవిడను చూసి "అమ్మా" అంటూ లేచారు. వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం ఎప్పుడూ లోపలినుంచి వెలిగించిన మనిషి, బయట బెంచీ మీద కూర్చుని దాన్నే చూస్తోంది. "మా గది బయట ఇంత చలిగా ఉంటుందని నాకు తెలియదే" అంది నాతో. చలేమీ లేదు.

ఫిల్ము చేతికిచ్చి, డాక్టరుగారి గదికి పట్టుకెళ్ళమన్నారు. డాక్టరు పక్క వార్డునుంచి వస్తున్నారు. పిన్ని కవరు అందుకుంది. లోపలున్నది తియ్యడానికి చెయ్యి రావడం లేదు. తీసింది, మళ్ళీ లోపలికి తోసింది. "నువ్వు చూడవే" అని నాకివ్వబోయింది. నేను చూడగలనా? కుట్ల వదిన గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

కవరును మూగనోము తీసుకుంది. ఫిల్మును జాగ్రత్తగా అంచులు పట్టుకుని లాగింది, పిన్ని నేర్పినట్టే, వేళ్ళ మచ్చలు పడకుండా. వరండా చివర కిటికీ దగ్గరకు వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. మా ఇళ్ళలో పిల్లలందరూ ఫిల్ము పట్టుకునేది అలాగే. ముందు పైనుంచి మొదలుపెట్టడం వాళ్ళకు అలవాటు.

"ఇది మెడ," అంది. జనంతో నిండిన ఆ వరండాలో, బయటికి, అందరికీ వినబడేలా. "ఇవి పక్కటెముకలు. ఇది గుండె నీడ. ఇది పొట్ట." వేలు ఆగింది. "ఇక్కడున్నాయి. దండలాగా ఉన్నాయి. అన్నీ అంటుకునే ఉన్నాయి చిన్నమ్మమ్మా, విడిపోలేదు. కింద ఏమీ లేవు. కింద కూడా చూశాను."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బావురుమంది. పిల్ల కంగారుపడి, తప్పు చెప్పానేమోనని మళ్ళీ మెడనుంచి మొదలుపెట్టింది.

డాక్టరుగారు వచ్చి చూసి అదే అన్నారు. ఇంకా పొట్టలోనే ఉన్నాయి, పేగుల్లోకి దిగకముందే తీసెయ్యాలి అని, మత్తిచ్చి, నోట్లోంచి సన్నని గొట్టం వేసి బయటికి తీశారు. ఆ తీసినంతసేపూ మేం బతికామో చచ్చామో మాకే తెలియదు. బుడంకాయ కళ్ళు తెరిచి మొదట చేసిన పని నర్సు ముక్కుమీది కళ్ళజోడు లాగడం. మా ఏడుపులు అప్పుడు కట్టలు తెంచుకున్నాయి.

వాళ్ళ నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. తిట్టాడు, తిట్టే హక్కు ఉంది. బడి మాట కూడా ఎత్తాడు. అప్పుడు పెద్దకూతురు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, "నాన్నా, రా, చెల్లి ఫిల్ము చూపిస్తా" అంది, నర్సుల ముందు, వార్డులో అందరి ముందు. ఆ పిల్ల బయట మాట్లాడగా ఆయన వినడం ఎన్నాళ్ళకో. ఆయన దాని వెంట వెళ్ళాడు. బడి మాట మళ్ళీ ఎత్తలేదు.

పెట్టెలు ఆపేస్తానంది పిన్ని. ఆపనివ్వలేదు మేం. ఇప్పుడూ తిరుగుతున్నాయి, పొట్లాలు కూడా ఉన్నాయి, కానీ బల్లమీద అందరి ఎదుటా విప్పుతాం. పిల్లలకు ఆ సరదా పోయింది. అందుకు పిన్నికి ఇప్పటికీ బాధే. పెట్టె తిరిగొచ్చినప్పుడల్లా తెల్లదుప్పటి మీద బోర్లించి, వేళ్ళతో తడిమి తడిమి చూస్తుంది. చూసి కూడా మళ్ళీ చూస్తుంది. భయమెరగని మా పిన్ని పోయింది. ఆవిడ చోట ఉన్న ఈవిడంటే నాకు ఇంకా ఇష్టం, కానీ పాతావిడ కోసం కళ్ళు వెతుక్కుంటాయి.

కుట్ల వదిన మిషనును తలుపున్న లోపలి గదిలోకి మార్చింది. ముందు గది మూలమూలా ఊడ్చింది, మంచాలు ఎత్తించింది, పరుపులు దులిపింది. ఏమీ దొరకలేదు. ఆ తాడు కట్టిన అయస్కాంతం బుడంకాయకు ఆటవస్తువైపోయింది. నడక వచ్చాక, కుక్కపిల్లను తిప్పినట్టు దాన్ని ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతోంది. అది చూసి మేం నవ్వడం కూడా నేర్చుకున్నాం.

మొన్న పిన్నీ నేనూ కొత్త పెట్టె ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాం. పెట్టె విప్పుతుంటే బుడంకాయ మంచం కిందనుంచి బయటికొచ్చింది, జుట్టు నిండా దుమ్ము. తాడు లాక్కుంటూ తిన్నగా పిన్ని దగ్గరకు వచ్చి, అయస్కాంతం ఆవిడ ఒళ్ళో పెట్టి, "ఇందా" అంది. దాని అంచున దుమ్ము పట్టిన చిన్న వెండి పూస ఒకటి అంటుకుని ఉంది. పిన్ని దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చేత్తో బుడంకాయ నోరు తెరిచి, లోపలికి చూసింది, ఎంతసేపటికీ మూయనివ్వలేదు.